తడి కొబ్బరికే తూకం ఎక్కువ

కోనసీమలో నలుగురు కూర్చుని కొబ్బరి గురించి మాట్లాడుకుంటే మూడు మాటలే దొర్లుతాయి. కాయ ధర, దింపు కూలి, తెల్లదోమ. చెట్టు మీద ఉన్నంతవరకూ కాయ గురించి మనకు తెలియనిది లేదు. ఏ తోటకి ఎంత ఎరువు పడింది, కాలవ ఎప్పుడు కట్టేశారు, ఎవరి తోటలో నల్లి ఎక్కువగా ఉంది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతాం. కాయ దిగి, పగిలి, చిప్పలయ్యాక దాన్ని ఎలా ఎండబెట్టాం అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎండలో వేస్తే ఎండుతుంది, అందులో మాట్లాడేదేముంది అనుకుంటాం.

మాట్లాడాల్సిందంతా అక్కడే ఉందని నా వాదన. ఎండు కొబ్బరి రంగు, వాసన, దాంట్లోంచి దిగే నూనె, అది ఎన్నాళ్ళు నిలవుంటుందన్నది, చివరికి దాన్ని తిన్నవాళ్ళ కాలేయం ఏమవుతుందన్నది కూడా ఆ కొద్ది రోజుల మీదే ఆధారపడి ఉంటాయి. ఆ పనికి మన మార్కెట్‌లో విలువ కట్టే పద్ధతే లేదు. లేకపోతే పోనీ అనుకోవచ్చు, కానీ శ్రద్ధగా ఎండబెట్టినవాడి జేబులోంచి డబ్బు తీసి, తడిగా అమ్మినవాడి జేబులో వేస్తున్నాం. దీన్ని నేను ఊరికే కోపంతో అనడం లేదు, లెక్క కింద చూపిస్తాను.

మాది అంబాజీపేటకి దగ్గర్లో ఊరు. మా ఇంట్లో ఎండు కొబ్బరి రెండు దారుల్లో తయారయ్యేది. రెండూ పక్కపక్కన చూస్తూ పెరిగాను కాబట్టి వాటి మధ్య తేడా నాకు బాగా తెలుసు.

మొదటిది కురిడీ. బాగా ముదిరిన కాయల్ని పీచుతోనే అటక మీద పేరుస్తారు. అటక మీద పట్టెల్ని సందులు వదిలి పరుస్తారు కాబట్టి గాలి కింద నుంచి పైకి ఆడుతూ ఉంటుంది. ఎండ పడదు, వాన పడదు. అలా 8 నెలల నుంచి ఏడాది దాకా ఉంచుతారు. ఆ కాలంలో లోపలి నీళ్ళు మెల్లగా ఇగిరిపోతాయి. కొబ్బరి కొద్దికొద్దిగా బిగుసుకుంటూ పెంకు నుంచి విడివడుతుంది.

మా పెద్దనాన్న అప్పుడప్పుడూ నిచ్చెన వేసుకుని ఎక్కి ఒక్కో కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. కొత్తలో ఊపితే నీళ్ళ చప్పుడు బాగా వినిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ అది సన్నగిల్లి, అసలేమీ వినపడని దశ ఒకటి వస్తుంది. నీళ్ళు అయిపోయాయి కదా అని తొందరపడేవాళ్ళు అక్కడే దించేస్తారు. ఆయన మాత్రం "ఇంకా పడుకోనీరా" అని మళ్ళీ అక్కడే పెట్టేవారు. నీళ్ళు అయిపోయినా కొబ్బరిలో తేమ ఉంటుంది, అది పెంకుని పట్టుకునే ఉంటుంది. ఇంకొన్నాళ్ళు ఆగితే లోపల చెక్క బంతి దొర్లినట్టు పొడి చప్పుడు వస్తుంది. అప్పుడు దించేవారు. పీచు ఒలిచి, పెంకు మీద చుట్టూ నెమ్మదిగా కొట్టి విప్పితే కొబ్బరి మొత్తం ఒకటే గుండుగా బయటికి వచ్చేది. కత్తితో కోస్తే తెల్లగా, కోసిన చోట నూనె మెరుస్తూ, ఎక్కడా ఒక్క మరక లేకుండా ఉండేది.

శ్రావణ భాద్రపదాల్లో గోడలకే చెమ్మ పట్టే ఊళ్ళో, ఏడాది పాటు అటక మీదున్న కాయలోకి బూజు ఎందుకు రాలేదు? పెంకు పగల్లేదు కాబట్టి. పగలని కాయలోకి బూజు బీజాలు వెళ్ళడానికి దారి లేదు. రెండో సంగతి, తేమ బయటికి పోవడం చాలా నిదానంగా జరిగింది. పైన గట్టిపడి లోపల మెత్తగా మిగలడమన్నది ఉండదు, గుండు అంతా ఒకే తీరుగా ఆరుతుంది. తినే వస్తువుని మాగబెట్టి ఆరబెట్టడంలో ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. దీనికి కావలసింది ఒక కప్పు, గాలి, ఓపిక.

రెండోది చిప్పల కొబ్బరి. నూనె మిల్లుకి వెళ్ళేది చాలావరకు ఇదే. కాయని రెండుగా కొట్టి, నీళ్ళు పారబోసి, చిప్పల్ని ఎండలో పరుస్తారు. రెండు మూడు రోజులకి కొబ్బరి పెంకుని వదులుతుంది. తీసి మళ్ళీ ఎండబెడతారు. మంచి ఎండ కాస్తే వారం రోజుల పని. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే. దాన్ని 6 శాతానికి తీసుకురావాలి. మొదటి రోజుకి 35 శాతానికి, రెండో రోజుకి 20 శాతానికి దిగిపోతే సరుకు గట్టెక్కినట్టేనని కొబ్బరి ఆరబెట్టడం మీద పనిచేసినవాళ్ళు చెబుతారు. ఆ తర్వాత కాస్త నెమ్మదించినా ఫరవాలేదు. ఎందుకంటే పగిలిన చిప్ప మీద బూజు, బాక్టీరియా పని మొదలుపెట్టడానికి కొద్ది గంటలు చాలు. తియ్యగా, తడిగా, వెచ్చగా ఉన్న చోటు వాటికి ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు మన వాతావరణం సంగతి చూడండి. దింపు ఏడాది పొడుగునా ఉంటుంది, ఎండ ఉండదు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఏ రోజు మబ్బు పడుతుందో తెలియదు. నవంబరు వస్తే తుఫాను టెన్షన్. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను గుర్తున్నవాళ్ళకి ఆ నెల పేరు చెబితేనే గుండె జారుతుంది. పుష్యమాసంలో వాన లేకపోయినా రాత్రి మంచు కురుస్తుంది. పగలంతా ఆరిన చిప్పల మీద తెల్లారేసరికి తడి. పోనీ టార్పాలిన్ కప్పుదామంటే, వేడిగా ఉన్న సరుకు మీద కప్పితే ఆ ఆవిరంతా లోపలే నిలబడి చుక్కలుగా మళ్ళీ దాని మీదే పడుతుంది. మా వైపు రోడ్డు అంచున, గట్ల మీద, ఇంటి అరుగుల మీద చిప్పలు పరుస్తారు. దుమ్ము, కాకులు, కుక్కలు సరేసరి. వాటినైనా కడుక్కోవచ్చు. తడి వల్ల జరిగేది కడిగితే పోదు.

ఈ మధ్య వానల్లో మాకు తెలిసిన ఒకాయన కొట్లో బస్తా విప్పి చూశాను. పైన ఉన్న చిప్పలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. చెయ్యి లోపలికి పెట్టగానే వెచ్చగా తగిలింది. ఆరిన కొబ్బరి బస్తా లోపల అలా వెచ్చగా ఉండకూడదు. ఒక చిప్ప తీసి వంచితే విరగలేదు, రబ్బరులా వంగింది. సరిగ్గా ఎండిన చిప్ప టపీమని విరుగుతుంది. లోపలి వంపులో, అంటే నీళ్ళు నిలిచే గుంటలో, సన్నటి పసుపుపచ్చ పొడి ఉంది. వేలితో రాస్తే అంటుకుంది. కొంత చోట ఆకుపచ్చగా, ఒక అంచున నల్లగా ఉంది. ఆ రంగులు ఊరికే రావు. బాగా తడి ఉన్నచోట నల్లటి బూజు లేస్తుంది. తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉన్న సరుకులో పసుపుపచ్చ బూజు కూర్చుంటుంది. అంటే పైకి చూస్తే ఎండిపోయిందనిపించే కొబ్బరిలోనే అది బతుకుతుంది. భయపడాల్సింది దాని గురించే.

ఆ పసుపుపచ్చ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. అది అఫ్లటాక్సిన్ అనే విషం తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే, కారణం వెతుకుతూ వెళ్ళి వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఈ విషాన్ని కనిపెట్టారు. మన దేశంలో ఇంతకంటే ఘోరం జరిగింది. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లతో పడిపోయారు. వాళ్ళలో 106 మంది చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్ళి చూసి నిర్ధారించిన సంగతి ఇది. అకాల వర్షాలకి తడిసిన కంకుల్ని సరిగ్గా ఆరబెట్టకుండా దాచుకున్నారు. చేసిన తప్పు అంతే. పేదవాళ్ళు, వేరే తిండి లేనివాళ్ళు, అదే తిన్నారు.

అలా ఒక్కసారిగా ప్రాణం తీయడం అరుదు. రోజూ కొంచెం కొంచెంగా లోపలికి పోవడమే మామూలుగా జరిగేది. మనిషికి కాన్సర్ తెస్తుందని ఖాయంగా తేలిన వాటి జాబితాలో అఫ్లటాక్సిన్ ఉంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి కాలేయ కాన్సర్ ముప్పు ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన ఆహార చట్టం ధాన్యాల్లో, పప్పుల్లో కిలోకి 15 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఇంత కొంచానికే హద్దు పెట్టారంటే దాని తీరు అర్థం చేసుకోవచ్చు. వేయిస్తే పోదు, ఉడికిస్తే పోదు. బూజు తుడిచేసినా విషం కొబ్బరిలోనే ఉండిపోతుంది.

"మనం కొబ్బరినూనె తలకే కదా రాస్తాం, తినం కదా" అని నాతో చాలామంది అన్నారు. నూనె తలకి రాస్తాం, నిజమే. కారప్పొడిలో, కూరల్లో, మసాలాలో ఎండుకొబ్బరి వేసుకుంటాం కదా. తెలంగాణలో హోలీకి పిల్లల మెడలో కుడుకల, అంటే ఎండు కొబ్బరి చిప్పల, దండ వేస్తారు, పిల్లలు దాన్ని కొరుక్కుని తింటారు. ఇంకో దారి మరింత చాటుగా ఉంది. నూనె తీశాక మిగిలే కొబ్బరి చెక్క గేదెలకి దాణాగా వెళ్తుంది. బూజు చిప్పల విషంలో ఎక్కువ పాలు ఆ చెక్కలోనే మిగిలిపోతుంది. గేదె తింటే అది రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. పాలు కాచినా పోదు. మన చిప్పలు మిల్లుకి తోలేశాం, ఇక మనకి సంబంధం లేదనుకుంటాం గానీ, అవి చెక్కగా మారి తిరిగి మన పాకలోకే, మన పిల్లల గ్లాసులోకే వస్తాయి.

వేరే దేశాల్లో వేరే పంటతో ఇదే గొడవ ఎలా తీరుస్తున్నారో చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఆ పంట గంజాయి, అదే జాతిలో మత్తు లేని రకమైన హెంప్. మన దగ్గర 1985 నాటి చట్టం కింద గంజాయి నేరం. ఉత్తరాఖండ్ మాత్రం 2018 నుంచి మత్తు లేని హెంప్ సాగుకి లైసెన్సులు ఇస్తోంది. అది చట్టబద్ధమైన చోట్ల పంట కోశాక మొక్కల్ని చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీసి, ఎక్కువ వేడి తగలకుండా వారం పది రోజులపైన ఆరబెడతారు. తర్వాత మూత డబ్బాల్లో పెట్టి, కొన్ని వారాలపాటు రోజూ మూత తీసి గాలి తగిలిస్తూ మాగబెడతారు. కాడలో దాగిన తేమ పూతలోకి, పూతలోంచి బయటికి నిదానంగా సర్దుకోవడానికి ఆ ఏర్పాటు. మా అటక మీద జరిగేది కూడా ఇదే పని కదా అనిపించింది. తొందరపడి వేడిలో ఆరబెడితే వాసన పోతుంది, ఆలస్యం చేస్తే బూజు వస్తుంది. అందుకని వాళ్ళు ఉత్త తేమ శాతంతో ఊరుకోరు. ఆ తేమలో బూజుకి అందే నీరు ఎంతో కొలుస్తారు. దాన్ని వాటర్ యాక్టివిటీ అంటారు. పూతకి అది 0.55, 0.65 మధ్య ఉండాలని అక్కడ ఒక ప్రమాణం పెట్టుకున్నారు. 0.70కి లోపల ఉంటే మామూలు బూజులు పెరగలేవు. కాలిఫోర్నియాలో అయితే అమ్మే ముందు నాలుగు జాతుల ఆస్పర్‌జిల్లస్ లేవని పరీక్షలో తేలాలి. ఆ నాలుగింటిలో ఒకటి ఫ్లేవస్. నేను బస్తాలో వేలికి రాసుకుని చూసిన బూజు జాతే అది. అక్కడ మత్తుకి పీల్చే వస్తువుకి ఉన్న పాటి పరీక్ష ఇక్కడ పిల్లలు తినే వస్తువుకి లేదు.

ఎండ లేనప్పుడు మన దగ్గర చేసే పని పొగబెట్టడం. కురిడీ అటక కింద సన్నగా పొగ వేయడం వేరు. అక్కడ కాయకి పీచుంది, పెంకుంది, పొగ కొబ్బరిని తాకదు. చిప్పల్ని మాత్రం నేరుగా మంట పైన పేర్చి, కింద కొబ్బరి డొక్కలు కాల్చి ఆరబెడితే ఆ పొగలోని మసి, తారు కొబ్బరికి అంటుకుంటాయి. కాన్సర్ తెచ్చే రసాయనాలు కొన్ని ఆ తారులో ఉంటాయి, అవి నూనెలోకి తేలిగ్గా దిగుతాయి. ఫిలిప్పీన్స్‌లో ఇలా పొగ కొబ్బరి చేసే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. అక్కడి నూనెని శుద్ధి చేయకుండా తినడానికి వీలుండదు. పైగా మంట ఎక్కువైతే చిప్ప పైపొర గట్టిపడిపోయి లోపలి తేమ బయటికి రాలేదు. పైకి ఎర్రగా కాలి ఎండినట్టు కనిపించే చిప్పని విరిచి చూస్తే మధ్యలో మెత్తగా ఉంటుంది. పొగా పట్టింది, తేమా మిగిలింది.

గంధకం సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. రంగు మారిన కొబ్బరిని మూసిన గదిలో పెట్టి గంధకం కాలిస్తే తెల్లబడుతుంది. ఆ పొగ ఉబ్బసం ఉన్నవాళ్ళకి పడదు, ఎక్కువైతే ఎవరికీ పడదు. అసలు అన్యాయం ఏమిటంటే, కొనేవాళ్ళకి మిగిలిన ఒకే ఒక్క ఆధారాన్ని, అంటే రంగుని, అది చెరిపేస్తుంది. బూజు మరక పోతుంది, విషం ఉంటుంది. కంటికి కనిపించే తప్పుని కంటికి కనిపించకుండా చేయడానికి వాడే పద్ధతిని నేను ఏ రకంగానూ సమర్థించలేను, సరుకు పోగొట్టుకుంటున్న చిన్న వ్యాపారి చేసినా సరే.

ఇక లెక్క. 12 శాతం తేమ ఉన్న చిప్పలు ఒక క్వింటాలు తీసుకోండి. అందులో నీరు పోగా ఉన్న అసలు సరుకు 88 కిలోలు. అదే సరుకుని ఇంకో రెండు రోజులు ఆరబెట్టి 6 శాతానికి తెస్తే తూకం 93 కిలోల 600 గ్రాములకి దిగుతుంది. అంటే ఆరు కిలోల పైచిలుకు గాలిలో కలిసిపోయింది. 2025 సీజనుకి కేంద్రం మిల్లు కొబ్బరికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 11,582 రూపాయలు. ఆ లెక్కన శ్రద్ధగా ఎండబెట్టిన రైతు క్వింటాలుకి దాదాపు 740 రూపాయలు పోగొట్టుకున్నాడు. బయట ధర ఎక్కువున్న ఏడాది ఈ నష్టం ఇంకా ఎక్కువ. రెండు రోజుల కూలి అదనం. నిజానికి ఆ మద్దతు ధర ప్రకటించేదే బాగా ఎండిన సరుకుకి, మిల్లు కొబ్బరిలో తేమ 6 శాతం దాటకూడదన్న నియమంతో. కానీ బయట ధర బాగున్నప్పుడు సర్కారు కొనుగోలు కేంద్రం వైపు ఎవరూ చూడరు. బయట కొనేవాళ్ళలో ఎక్కువమంది తేమ కొలవరు. అందరికీ కలిపి బస్తాకి ఇంత అని తరుగు తీస్తారు. బాగా ఎండబెట్టినవాడికీ అంతే తరుగు, తడిగా తెచ్చినవాడికీ అంతే. అలాంటప్పుడు ఇంకో రెండు రోజులు ఎండలో నిలబడి చిప్పలు తిరగేయడం ఎందుకని రైతు అనుకుంటే అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికుంది?

ఇప్పుడు కురిడీ వైపు చూడండి. అంబాజీపేట మార్కెట్ ధరలు పేపర్లో వేసినప్పుడు కొత్త కొబ్బరికి క్వింటాలు లెక్క ఉంటుంది, కురిడీకి వెయ్యి కాయల లెక్క ఉంటుంది. గండేరా రకం ఇంత, గటగట రకం ఇంత అని. లెక్కన అమ్మే కాయలో తేమ మిగిల్చితే అమ్మేవాడికి పైసా లాభం లేదు. పైగా కొనేవాడు ఊపి చూస్తాడు, చప్పుడు సరిగ్గా లేకపోతే పక్కన పెట్టేస్తాడు. నాణ్యత చూసే పద్ధతి బేరంలోనే ఇమిడి ఉంది. ఉత్తరాదిన పెళ్ళిళ్ళకి, రాఖీకి, దీపావళికి మన కురిడీ అడిగి మరీ తెప్పించుకుంటున్నారంటే కారణం అదే. మా ఊళ్ళో కురిడీ చేసేవాళ్ళూ చిప్పలు చేసేవాళ్ళూ ఒకరే. ఒకే మనిషి ఒక సరుకు విషయంలో ఏడాది ఓపిక పడుతున్నాడు, ఇంకో సరుకు విషయంలో అదనంగా రెండు రోజులు ఆగలేకపోతున్నాడు. తేడా మనిషిలో లేదు, బేరం పద్ధతిలో ఉంది.

అందుకని నేను అడిగేది రైతులకి అవగాహన సదస్సులు పెట్టమని కాదు. తేమ కొలిచి ధర కట్టమని. 6 శాతం దగ్గర పూర్తి ధర, అక్కడి నుంచి పెరిగిన ప్రతి శాతానికి నీటి బరువు తీసేసి, పైన కొంత కోత. 6 కంటే తక్కువ ఉంటే ఆ మేరకు అదనం. ఇదేమీ గోదావరి జిల్లాలకి కొత్త కాదు. వరి పండించే ప్రతి ఇంట్లో 17 అన్న అంకె చిన్నపిల్లలకి కూడా తెలుసు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. కోత మిషన్ వచ్చాక 22, 25 శాతం తేమతో ధాన్యం రోడ్డెక్కుతోంది, దాని బాధలు వేరే ఉన్నాయి. మిషన్ చూపించే అంకె మీద గొడవలు పడని సీజన్ లేదు. అయినా అక్కడ కొలత అంటూ ఒకటుంది. గొడవ పడటానికైనా ఒక అంకె ఉంది. బయట అమ్మే కొబ్బరికి అది కూడా లేదు.

మాకు తెలిసిన కొబ్బరి వ్యాపారి ఒకాయనతో ఈ మాట అంటే "తేమ చూసి కొంటానంటే నా కొట్టుకి సరుకెవడు పోస్తాడండీ? పక్క కొట్టుకి పోతారు" అన్నారు. ఆయన చెప్పింది నిజం. ఒక్క కొట్టు మారితే అది మూతపడుతుంది. అందుకే ఇది మార్కెట్ యార్డులో, అందరికీ ఒకేసారి మొదలవ్వాలి. యార్డు గేటు దగ్గర తేమ మీటరు, ఆ అంకె చీటీ మీద రాసి రైతు చేతికి ఇవ్వడం. మీటరు ఖర్చు ఒక లారీ సరుకు ధర ముందు లెక్కలోకి రాదు.

రెండో అడ్డంకి ఎండ లేని రోజులు. తేమకి ధర కోత పెట్టి, ఆరబెట్టుకునే దారి చూపించకపోతే అది రైతు మీద ఇంకో భారమే అవుతుంది. ఇక్కడ వస్తువు తయారుగా ఉంది. కాసర్‌గోడ్‌లోని తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి పెంకులే వంటచెరకుగా వాడే డ్రయర్లు ఎప్పుడో తయారు చేసింది. మంట వేరే అరలో, పొగ గొట్టం గుండా బయటికి, చిప్పలకి తగిలేది వేడి గాలి మాత్రమే. వెయ్యి కాయల చిప్పలు రోజు, రోజున్నరలో ఆరిపోతాయి. మనకి అంబాజీపేటలోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, వాళ్ళని అడిగితే సలహా చెబుతారు. అర ఎకరం, ఎకరం ఉన్నవాళ్ళు సొంతంగా డ్రయర్ కొనలేరు, కొననక్కర్లేదు కూడా. ఊరికొక ధాన్యం సొసైటీ ఉన్నట్టు, నాలుగైదు ఊళ్ళకి కలిపి ఒక చోట రెండు మూడు డ్రయర్లు, గంటకో, వెయ్యి కాయలకో ఇంత అని రుసుము. పెంకుని కాల్చి బొగ్గు చేసే కంపెనీలు కొనడం వల్ల పెంకుకి ఇప్పుడు మంచి ధర ఉంది, కాబట్టి వంటచెరకు ఊరికే వస్తుందని నేను అనను. కానీ వానాకాలంలో బూజు పట్టి రెండో రకం కింద పోయే సరుకు నష్టం దానికంటే ఎక్కువే.

ఇదంతా జరగడానికి టైమ్ పడుతుంది. ఈలోపు కొనేవాళ్ళ చేతిలో ఉన్నది కొంత చెబుతాను. చిప్ప కొనేటప్పుడు వంచి చూడండి, విరగాలి. విరిచిన చోట మధ్యలో కూడా పైన ఉన్న రంగే ఉండాలి. వాసన చూడండి. ముక్కిన వాసన వచ్చినా, పొగ వాసన వచ్చినా, ముక్కుని పొడిచే ఘాటు వచ్చినా వద్దనండి. మరీ సున్నంలా తెల్లగా మెరిసే కొబ్బరి కంటే కాస్త మీగడ రంగున్నదే మేలు. లోపలి వంపులో పసుపుపచ్చగానో నల్లగానో మచ్చ కనిపిస్తే ఆ ముక్క గీకి మిగతాది వాడుకోవద్దు, చిప్ప మొత్తం పారేయండి. గేదెకి వేయొద్దు, కోళ్ళకి వేయొద్దు, పెంటలోకి కూడా కాకుండా పొయ్యిలోకి తోసేయండి. పొడి చేసి అమ్మేది కొనకండి, చిప్పగానో గుండుగానో కొని ఇంట్లో తురుముకోండి. వానాకాలంలో ఎండు కొబ్బరి గాలిలోని తేమని మళ్ళీ పీల్చుకుంటుంది కాబట్టి బిగుతు మూత డబ్బాలో, కుదిరితే ఫ్రిజ్‌లో పెట్టుకోండి. డబ్బు కాస్త ఎక్కువైనా కురిడీ దొరికితే అదే తీసుకోండి.

తోట ఉన్నవాళ్ళకి ఒక మాట. వచ్చే దింపుకి మీ సరుకు అమ్మేటప్పుడు తేమ మీటరు ఎక్కడైనా దొరికితే పెట్టి చూసి ఆ అంకె రాసుకోండి. ఎన్ని రోజులు ఎండబెట్టారు, ఎంత ధర వచ్చింది, ఎంత తరుగు తీశారు, ఆ నాలుగు వివరాలు నాకు కామెంట్లో రాయండి. వంద మంది రైతుల అంకెలు ఒక కాగితం మీద ఉంటే మార్కెట్ కమిటీ ముందు పెట్టి అడగడానికి మనకి ఒక ఆధారం ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని వెళ్ళడానికి నేను సిద్ధం.